కొండ మీంచి బెజవాడ

వానలు వెనకబట్టి, చలి ఇంకా ముదరని రోజులు బెజవాడ కొండలెక్కడానికి మంచివి. వేసవిలో ఆ పని పెట్టుకోకూడదు. రోహిణీ కార్తె ఎండకు కాగిన బండలు అర్ధరాత్రి దాటినా సెగ కక్కుతూనే ఉంటాయి. కార్తికంలో పొద్దున్నే గాంధీ కొండ మీదికి వెళ్లి నిలబడితే ఊరు ఊరంతా కళ్లముందు పరుచుకుంటుంది. వాయవ్యాన కొండపల్లి కొండల వరస, అటువైపే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. దక్షిణాన కృష్ణ, అవతలి ఒడ్డున ఉండవల్లి, ఆ వెనక మంగళగిరి కొండ. ఊరి నడుమ స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం. 2024 జనవరి నుంచి ఊళ్లో దిక్కు తెలిపే పెద్ద గురుతు అదే. తూర్పున గుణదల కొండ, దాని నెత్తిన శిలువ.

వీటిని ఒక్కొక్కటిగా పోల్చుకోవడం కొండెక్కినవాళ్లందరూ మొదట చేసే పని. ఆ వెంటనే చేసే రెండో పని, మన ఇల్లెక్కడా అని వెతుక్కోవడం. చిన్నపిల్లలే కాదు, డెబ్బై ఏళ్లు దాటినవాళ్లూ వెతుకుతారు. మేడ మీది నీళ్ల ట్యాంకు రంగునో, పక్కనున్న గుడి గోపురాన్నో, మసీదు మినారునో ఆనవాలు పట్టి "అదిగో, ఆ వేపచెట్టుకు ఇవతల" అని వేలెత్తి చూపిస్తారు. కనబడ్డాక వాళ్ల ముఖంలో వచ్చే సంతోషం చూడవలసిందే. రోజూ తాళం తీసుకుని లోపలికి పోయే ఇల్లే అది.

ఆ వెతుకులాట మాకు చాలా విలువైనదిగా తోస్తుంది. కింద ఉన్నంతసేపూ మన లోకం మన వీధి, మన సెంటరు, పిల్లల బడి, ఆఫీసుకు పోయే దారి. పైకెక్కాక మన ఇంటిని పట్టుకోవాలంటే చుట్టూ ఉన్నవాటితో దానికున్న సంబంధం తెలిసి ఉండాలి. కాలువకు ఇటా, అటా? రైలు కట్టకు ఎగువా, దిగువా? కొండకు ఎంత దూరం? ఈ ప్రశ్నలు మామూలు రోజుల్లో ఎవరికీ పట్టవు. 2024 సెప్టెంబరు మొదటి వారం వరదలో బెజవాడలో ఎవరి ఇల్లు మునిగింది, ఎవరి ఇల్లు మిగిలింది అన్నది సరిగ్గా ఈ ప్రశ్నల మీదే తేలింది.

గాంధీ కొండను ఒకప్పుడు ఓర్ కొండ అనేవారు. 1850లలో కృష్ణ మీద ఆనకట్ట కట్టించిన ఇంజనీరు పేరు కెప్టెన్ ఓర్. కొండ ఎత్తు సుమారు 500 అడుగులు. మహాత్ముడి స్మారకంగా దాని మీద 52 అడుగుల స్తూపం కట్టారు. 1968లో అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ దాన్ని ఆవిష్కరించారు. గాంధీ పేరు ఈ కొండకు ఊరికే రాలేదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఈ ఊళ్లోనే సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటి మంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు అన్న తీర్మానం ఇక్కడ చేశారు. పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీజీకి అందించిందీ అప్పుడే. దేశం నాలుగు మూలల నుంచీ అంతమంది ఈ ఊరికి రాగలిగారంటే కారణం కొండకు సరిగ్గా దిగువనే కనిపిస్తుంది. అది రైల్వే స్టేషను.

1880ల చివర ఒకపక్క హుబ్లీ వైపు నుంచి, ఇంకోపక్క వరంగల్ మీదుగా నిజాం రాజ్యం నుంచి రైలు మార్గాలు కృష్ణ ఒడ్డుకు చేరుకున్నాయి. 1890లలో నది మీద రైలు వంతెన పడింది. అటు మదరాసు, ఇటు వాల్తేరు కలిసేసరికి బెజవాడ దక్షిణాదిలోనే పెద్ద కూడలి అయిపోయింది. కొండ మీంచి చూస్తే పట్టాలు ఒక చోట కట్టగా కూడి, మళ్లీ దేని దారిన అది విడిపోవడం స్పష్టంగా తెలుస్తుంది. చూపుకంటే ముందు చెవికి అందుతుంది స్టేషను. "దయచేసి వినండి" అన్న ఆడగొంతు పైదాకా తేటగా వస్తుంది. ఆ తర్వాత చెప్పే రైలు నంబరును గాలి లాక్కుపోతుంది. గూడ్సు బండి మెల్లగా కదులుతుంటే దాని తల నది వైపు తిరిగినా తోక ఇంకా యార్డులోనే ఉంటుంది. కొండెక్కిన పిల్లలు పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తప్పి, మళ్లీ ఇంజను దగ్గర్నుంచి ఎత్తుకుంటారు.

నదిని దగ్గరగా చూడాలంటే మాత్రం దుర్గమ్మ గుడి ఉన్న ఇంద్రకీలాద్రికే పోవాలి. ఘాట్ రోడ్డు మలుపు తిరిగే చోట ప్రకాశం బ్యారేజీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్క చూపులో అందుతుంది. దాదాపు కిలోమీటరుంపావు పొడవు, 70 గేట్లు. పడమటి నుంచి ఎంతో వెడల్పుగా వచ్చే కృష్ణ ఇక్కడ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఒక్కసారిగా ఒదిగిపోతుంది. నదికి అడ్డం కట్టాలనుకున్నవాళ్లు ఈ ఇరుకునే ఎందుకు ఎంచుకున్నారో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. నందన కరువు అనీ డొక్కల కరువు అనీ పెద్దలు చెప్పుకునే 1832-33 నాటి కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. పక్కనే కృష్ణ పారుతుండగా జనం తిండి లేక పోయారు. ఆ దారుణం తర్వాతే నదికి అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన బలపడింది. 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. దాదాపు వందేళ్లు నిలిచి 1952లో గండి పడితే, దాని స్థానంలో 1957 నాటికి నేటి బ్యారేజీ వచ్చింది. దానికి ఆంధ్రకేసరి ప్రకాశం పేరు పెట్టుకున్నాం.

ఆ గేట్ల వెనక నిలిచిన నీళ్లే కాలువలై ఊళ్లోకి దిగుతాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. మూడూ నగరం నడిబొడ్డు నుంచే పోతాయి. అటు సీతానగరం వైపు నుంచి పడమటి కాలువ గుంటూరు జిల్లాలోకి వెళుతుంది. అన్నీ కలిపి సుమారు 13 లక్షల ఎకరాలకు నీరు. ఒకప్పుడు ఇవి పడవ దారులు కూడా. కాకినాడ వైపు నుంచి సరుకెత్తిన పడవ గోదావరి కాలువల మీదుగా ఏలూరు కాలువలోకి, అక్కణ్ణుంచి బెజవాడకు, ఏరు దాటి కొమ్మమూరు కాలువలోకి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ పట్టుకుని మదరాసుకు పోయేది. రోడ్డు మీద పోయేవాడికి ఏలూరు కాలువ అంటే దాటవలసిన ఒక వంతెన, ట్రాఫిక్ ఆగే చోటు. పై నుంచి చూసినప్పుడే అది ఎక్కడో మొదలై ఎక్కడికో పోతున్న నీరని తెలుస్తుంది. గుర్రపుడెక్కతో, చెత్తతో దాన్ని ఎంతగా కుక్కేశామో కూడా తెలుస్తుంది.

ఇంద్రకీలాద్రికీ కృష్ణకూ మధ్య జరిగిందని ఊరివాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. కొండ అడ్డుపడితే, దారిమ్మని కృష్ణమ్మ దుర్గమ్మను వేడుకుందట. తల్లి దారిచ్చిందట. కలియుగాంతాన కృష్ణ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుందన్న మాట బెజవాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వరద వచ్చినప్పుడల్లా ఘాట్ల దగ్గర ఎవరో ఒకరు ఆ మాట అనుకోకుండా ఉండరు. నమ్మకం సంగతి నమ్మేవాళ్లది. మాకు అందులో నచ్చేది వేరే ఉంది. నదికీ కొండకూ మధ్య ఒక ఒడంబడిక ఉందని, ఒకదాని దారిలో ఒకటి అడ్డుపడకుండా ఉండాలని ఈ ఊరు ఏనాడో కథగా చెప్పుకుంది. మనుషులం మధ్యలో వచ్చాక ఆ ఒడంబడికలో మన వంతు ఎంతో చూసుకోవడం మరచిపోయాం.

2024 ఆగస్టు 31 నుంచి కురిసిన వాన ఆ లెక్క ముందు పెట్టింది. కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. అయినా కృష్ణ ఒడ్డున కృష్ణలంక నిలిచింది. అంతకుముందు ప్రతి పెద్ద వరదకూ సామాను నెత్తిన పెట్టుకుని బడులకు పరుగెత్తిన జనం, ఏటి వెంట కట్టిన రిటైనింగ్ గోడ పుణ్యాన ఈసారి ఇళ్లలోనే ఉన్నారు. ఊరు మునిగింది ఇంకో వైపు నుంచి. బుడమేరు నుంచి.

బుడమేరును కొండ మీంచి చూపించడం కష్టం. అదే దాని కథంతా. మైలవరం వైపు కొండల్లో పుట్టి, ఊరి ఉత్తరపు అంచును రాసుకుంటూ కొల్లేరుకు పోయే వాగు అది. ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగు కాలువలా ఉంటుంది. దానికి బెజవాడ దుఃఖదాయిని అని పేరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరద నీటిని మళ్లింపు కాలువ గుండా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల నీళ్లు వచ్చాక ఆ దారిలోనే గోదావరి కూడా కృష్ణను చేరుతోంది. ఏర్పాటు మంచిదే. కృష్ణ నిండుగా ఉన్ననాడు మాత్రం మళ్లింపు కాలువ నీరు అందులోకి దిగలేదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఆ సెప్టెంబరులో రెండూ ఒకేసారి పొంగాయి. మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. నీరు తన పాత దారి వెతుక్కుంది. ఆ పాత దారి మీద అప్పటికే సింగ్‌నగర్ ఉంది, పాయకాపురం ఉంది, రాజరాజేశ్వరీపేట ఉంది.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఒడ్డయింది. అక్కణ్ణుంచి పడవలు కట్టారు. మేడల మీద కరెంటు లేక, తాగే నీరు లేక చిక్కుకుపోయినవాళ్లకు డ్రోన్లతో, హెలికాప్టర్లతో ఆహారం జారవిడిచారు. గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది. ఆ రోజుల్లోనే బెంజి సర్కిల్ వైపు దుకాణాలు తెరిచే ఉన్నాయి, హోటళ్లలో టిఫిన్లు నడిచాయి. ఒకే ఊళ్లో, ఆటోలో కాసేపట్లో వెళ్లగలిగే దూరంలో రెండు లోకాలు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మునగని వైపు వాళ్లే వంటలు చేసి, పులిహోర పొట్లాలు కట్టి, పాల ప్యాకెట్లు మోసుకుని అటు పరుగెత్తారు. బెజవాడ మనసు పెద్దది. కానీ బుడమేరు పొంగితే ఆ నీరు ఏ పేటలకు వస్తుందో ఊళ్లో చాలామందికి ముందుగా తెలియదు. 2005లో ఒకసారి వచ్చి వెళ్లినా తెలియదు. గాంధీ కొండ మీద ఉత్తరం వైపు తిరిగి నిలబడితే, రైలు యార్డుకు అవతల ఇళ్లు గుమిగూడిన ఆ పల్లపు నేలంతా ఇప్పుడూ కనిపిస్తుంది. అక్కడ వాగు ఎక్కడుందో కనిపించదు. ఇళ్ల మధ్య అది అంతగా సన్నబడిపోయింది.

ఇంతవరకు దూరం చూశాం. కొండెక్కినవాళ్లు దూరమే చూస్తారు. చూపు కాళ్ల దగ్గరికి దించితే ఇంకో బెజవాడ ఉంది.

ఈ ఊరి కొండల్లో చాలావాటికి నడుము దాకా, కొన్నిటికి భుజాల దాకా ఇళ్లే. వన్‌టౌన్ వెనక, చిట్టినగర్ సొరంగం ఇరువైపులా, విద్యాధరపురం, వించిపేట, మొగల్రాజపురం, మాచవరం, గుణదల. రైల్వే స్టేషనూ కాళేశ్వరరావు మార్కెట్టూ పని ఇచ్చాయి. చదును నేల అద్దెలు అందలేదు. పనికి దగ్గర్లో, ఎవరూ అడ్డు చెప్పని చోటు కొండే. ముందు పాక వేశారు, తర్వాత రేకులు, ఆ తర్వాత స్లాబు. ఒక ఇంటి గుమ్మం కింది ఇంటి డాబాతో సమంగా ఉంటుంది. ఆకుపచ్చ, నీలం, గులాబీ రంగు గోడలు. బండను గోడగా వాడుకున్న వంటిళ్లు. సాయంత్రం దీపాలు పెట్టాక కింది రోడ్ల మీంచి ఈ కొండలను చూసినవాళ్లు ఎంత అందంగా ఉందో అంటారు. నిజంగానే అందంగా ఉంటుంది.

అందులో ఉండేవాళ్లకు ఆ అందం ఎన్ని మెట్లు ఖరీదు చేస్తుందో దగ్గర్నుంచి చూడాలి. కార్పొరేషన్ మెట్లు కట్టింది, కొండల మీద ట్యాంకులు పెట్టి నీళ్లెక్కించే ఏర్పాటు చేసింది. అది చిన్న మేలు కాదు. అయినా పై వరస ఇళ్లకు వచ్చేసరికి కుళాయిలో ధార సన్నబడిపోతుంది. అందుకని పొద్దున్నే బిందెలు, ప్లాస్టిక్ టిన్నులు కిందికి దిగి, మళ్లీ పైకెక్కుతాయి. గ్యాస్ సిలిండరు భుజానికెత్తుకుని మోసుకురావాలంటే పైన కొంత ఇచ్చుకోవాలి. ఇల్లు కట్టుకోవాలంటే ఇసుక, సిమెంటు, ఇటుక, అన్నీ తట్టల్లో నెత్తి మీదే. అర్ధరాత్రి ఎవరికైనా నెప్పులొస్తే 108 బండి కింద రోడ్డు దాకానే వస్తుంది. మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని దించుతారు. మెట్లు ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి జానెడు, ఇంకోటి మోకాలెత్తు. మలుపుల్లో దీపం ఉండదు. వాన పడితే మెట్లే కాలువ, పై ఇళ్ల వాడుక నీరంతా వాటి మీదుగానే పరుగు.

ఆ మెట్ల మీద రెండు చేతుల్లో రెండు టిన్నులతో ఎక్కుతూ, నడుమ ఊపిరి తీసుకోవడానికి ఆగిన ఒక తల్లి మాతో మాట్లాడింది. "ఏం చూస్తన్నారండీ, ఊరా? మాకు రోజూ ఉండేదేగా" అని నవ్వింది. ఇక్కడ ఎలా ఉంటుందమ్మా అంటే, "గాలికేం కొదవలేదండీ. పిల్లలు డాబా మీద చదువుకుంటారు, ఫ్యాను కూడా అక్కర్లేదు. వానొస్తేనే నిద్ర పట్టదు. రాత్రంతా పై బండ వంకే చెవి పెట్టి పడుకుంటాం. రాయి కదిలితే ముందు మట్టి రాలిన చప్పుడొస్తదండీ" అంది. టిన్నులు మళ్లీ ఎత్తుకోబోతూ, మలుపులో ఒరిగిన ఇనప కమ్మీని చూపించి "అది సరి చేయించమని రాయండి, ముసలాళ్లు పడిపోతున్నారు" అని చెప్పింది. పక్కా ఇల్లు అడగలేదు, పట్టా అడగలేదు. చెయ్యి పట్టుకోవడానికి ఒక కమ్మీ అడిగింది.

ఆమె భయం ఉత్తది కాదు. 2024 ఆగస్టు 31న, బుడమేరు ఊరిని ముంచడానికి ముందు, మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడింది. మనుషులు చనిపోయారు. మర్నాటి నుంచి వరద వార్తలు ముంచెత్తడంతో ఆ ఇళ్ల సంగతి వెనకబడిపోయింది. 2020 అక్టోబరులో, దసరా ఉత్సవాల్లోనే, ఇంద్రకీలాద్రి మీద కూడా చరియ జారింది. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే ఖొండలైట్ శిల ఎండకూ వానకూ తొందరగా శిథిలమయ్యే రకం. పై నుంచి చూస్తే గట్టి బండే. పగుళ్లలోకి నీరు దిగి దిగి లోపల మట్టి అవుతుంది. చెట్లు పోయి, వేళ్ల పట్టు పోయి, ఇంటి కోసం కొంచెం కొంచెం తవ్వుకుంటూ పోయినచోట అది ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు. వాడుక నీరు ఎక్కడికక్కడ ఇంకిపోతున్న చోట ప్రమాదం ఇంకా ఎక్కువ. కాబట్టి కొండ మీది మురుగు కాలువ అంటే శుభ్రత విషయం మాత్రమే కాదు. అది ప్రాణాల విషయం.

ఊరిని ముందు ఎత్తు నుంచి చూడాలన్న మాట కొత్తది కాదు. స్కాట్లండ్‌లో పాట్రిక్ గెడ్డెస్ అనే ఆయన ఉండేవాడు. జీవశాస్త్రం చదివి నగరాల వైపు మళ్లినవాడు. ఎడింబరో కోట దారిలో ఉన్న ఒక పాత మేడను 1892లో తీసుకుని దానికి అవుట్‌లుక్ టవర్ అని పేరు పెట్టాడు. చూడవచ్చినవాళ్లను ముందు నేరుగా మేడ పైకి తీసుకెళ్లేవాడు. అక్కడ తమ ఊరిని కళ్లారా చూసుకున్నాక, ఒక్కో అంతస్తూ దిగుతూ ఆ ఊరి పటాలు, దేశం, యూరప్, చివరికి ప్రపంచం. ఊరిని బాగుచేయాలనుకునేవాడు ముందు ఊరిని మొత్తంగా చూడాలని ఆయన పట్టుదల. 1914లో మన దేశానికి వచ్చి, మదరాసు ప్రెసిడెన్సీ పట్టణాలు తిరిగి 1915లో వాటి మీద నివేదికలిచ్చాడు. వీధులను అడ్డదిడ్డంగా కొట్టేయవద్దని, చెరువులు పూడ్చవద్దని, ఉన్నవాళ్లను లేపకుండా బాగుచేసే దారులు వెతకాలని ఆనాడే గట్టిగా చెప్పినవాడాయన. ఆయన ఒక మేడను సంపాదించుకుని పైకెక్కవలసి వచ్చింది. మనకు ఆ ఎత్తు ప్రకృతే ఇచ్చింది.

తెలుగునాట ఈ భాగ్యం ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. విశాఖకు కైలాసగిరి ఉంది, హైదరాబాదుకు నౌబత్ పహాడ్, మౌలాలి గుట్ట ఉన్నాయి. హనుమకొండకు పద్మాక్షి గుట్ట, భువనగిరికి దాని ఒంటిబండ కోట. ప్రతిచోటా కొండ మీద ఏం పెట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా రైడ్లు, ఫొటో దిగే బొమ్మలు, రంగుదీపాలు గుర్తుకొస్తున్నాయి. వాటి మీద మాకు కోపం లేదు. సెలవు రోజున పిల్లలను తీసుకొచ్చిన తల్లిదండ్రులకు కాసింత సంబరం దొరకడం మంచిదే. గాంధీ కొండ చుట్టూ తిరిగే బొమ్మ రైలు ఎక్కిన జ్ఞాపకం బెజవాడలో ఎన్ని కుటుంబాలకు ఉందో. కానీ చూపుకు అడ్డం వచ్చే కట్టడం మాత్రం వద్దు. కొండెక్కడానికి టికెట్టు ధర పెరుగుతూ పోవడమూ వద్దు. ఊరిని చూసుకోవడానికి ఊరివాళ్లు డబ్బులు లెక్కపెట్టుకునే పరిస్థితి రాకూడదు.

గాంధీ కొండ మీద స్తూపం చుట్టూ ఒక నల్లరాతి పలక పెట్టవచ్చు. నడుమెత్తున, ఏ దిక్కున ఏముందో చెక్కి. ఇటు కొండపల్లి, అటు గుణదల అని మాత్రమే కాదు. వెలగలేరు ఎటు, బుడమేరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది, కొల్లేరు ఏ దిక్కున, 2005లోనూ 2024లోనూ నీరు ఎక్కడిదాకా వచ్చింది. మూడు కాలువల గీతలు మూడు. ఒక శిల్పి, ఒక సర్వేయరు, నీటిపారుదల శాఖ ఇంజనీరు ఒకరు కలిసి కూర్చుంటే అయ్యే పని. ఏటా బడులు తెరిచాక వార్డుల వారీగా ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను పైకి తీసుకొచ్చి ఆ పలక ముందు నిలబెట్టవచ్చు. సోషల్ పుస్తకంలో పరీవాహక ప్రాంతం అని చదువుకున్నది ఇక్కడ తమ ఇంటి చిరునామాతో సహా కనిపిస్తుంది. "మన ఇల్లెక్కడ" అని వెతుక్కునే పిల్లాడు మన ఇంటికి నీరు ఎటు నుంచి వస్తుందో కూడా ఆ రోజే నేర్చుకుంటాడు. రాత్రి ఇంటికెళ్లి అమ్మానాన్నలకు చెబుతాడు. వార్డు సచివాలయాల్లో పనిచేసేవాళ్లను, కొత్తగా బదిలీ మీద వచ్చే అధికారులను కూడా తీసుకురావడం మంచిది. ఫైళ్లలో ఉన్న పేటలు నేల మీద ఎక్కడున్నాయో వాళ్లకు మొదటి వారంలోనే తెలుస్తుంది.

ఇక కొండవాలు ఇళ్ల సంగతి. అన్నిటినీ ఖాళీ చేయించి దూరాన ఎక్కడో కాలనీలో ఇళ్లిస్తామంటే మార్కెట్టులో మూటలు మోసేవాళ్లు, తెల్లవారుజామున పూలు కొనడానికి పోయేవాళ్లు అక్కడికి వెళ్లి బతకలేరు. తాళం వేసి మళ్లీ ఇక్కడికే వస్తారు. బండ కింద నిజంగా ప్రమాదంలో ఉన్న ఇళ్లేవో భూగర్భ శాస్త్రవేత్తల చేత గుర్తింపజేసి, వాళ్లకు మాత్రం పనికి నడిచిపోగలిగినంత దూరంలో చోటు చూపించడం న్యాయం. అందుకు ఏళ్లు పడుతుంది, డబ్బు కావాలి, పట్టుదల కావాలి. ఆగకుండా మొదలుపెట్టగలిగినవి రెండున్నాయి. వాడుక నీరు మెట్ల మీద పారకుండా, బండ పగుళ్లలోకి ఇంకకుండా కిందిదాకా సిమెంటు కాలువ. మెట్ల పొడవునా పట్టుకోవడానికి ఇనప కమ్మీ, మలుపు మలుపుకీ ఒక దీపం. ఈ రెండింటికీ టెండర్లు సంక్రాంతి లోపు పిలిస్తే వానలు దిగే జూన్ నాటికి పూర్తి చేయవచ్చు.